ఇంటికి వచ్చి పిలిచిన ప్రసూనమ్మ

జ్ఞానప్రసూనకు కారు నడపడం రాదు. నేపర్‌విల్‌లో ముప్పై ఏళ్లు కాపురముండి కూడా కారు నడపడం నేర్చుకోని మనిషిని ఆవిడను తప్ప మరొకరిని నేను చూడలేదు. భర్త బాలశౌరిగారు ఉన్నన్నాళ్లూ ఆయనే దింపేవారు, ఆయనే తీసుకొచ్చేవారు. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. మాది పక్క వీధి. రిటైరయ్యాక నాకు చదువుకోవడం తప్ప వేరే వ్యాపకం లేదు, పుస్తకం కారులో కూర్చుని కూడా చదువుకోవచ్చు. ఆదివారం ఉదయం ఆవిడను అరోరాలోని సెయింట్ బ్రెండన్ గుడి దగ్గర దింపి, పూజ అయ్యేదాకా కారులోనే చదువుకుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. మేం వెళ్లే బాలాజీ గుడి కూడా అరోరాలోనే, ఫాక్స్ నదికి అవతల. ఆవిడ గుడి, అంటే చర్చి, ఇవతల.

పార్కులో నాతో నడిచే జితేందర్‌ది వరంగల్. "ఏందన్నా, ఈ వయసుల డ్రైవర్ కొలువు వట్టినవట. జీతమెంతిస్తున్నరు?" అని నవ్వాడు ఒకరోజు. నెలకు రెండు డబ్బాల జంతికలని చెప్పాను. "గట్లయితే నాకు గూడ ఇప్పియ్యి" అన్నాడు.

ప్రసూనమ్మది గుంటూరు జిల్లా కాథలిక్కు కుటుంబం. ఇక్కడి ఆస్పత్రి వంటశాలలో ఇరవయ్యారేళ్లు రోగుల భోజనం ట్రేలు సర్దింది. ఏ గదికి ఉప్పు లేని కూడు, ఏ గదికి పంచదార లేని కాఫీ అన్నది కాగితం చూడకుండా చెప్పేదట. పక్కన నిలబడి పనిచేసినవాళ్లంతా మెక్సికో ఆడవాళ్లు. వాళ్ల దగ్గర స్పానిష్ నేర్చుకుంది. ఆ స్పానిష్‌లోనూ గుంటూరు సాగదీత ఉందని ఆ భాష రాని నాకే తెలిసిపోయేది. వాళ్లలో యులాలియా అనే ఆవిడ కూతురికి ప్రసూనమ్మ జ్ఞానతల్లి, అంటే జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకుని పూచీ పడ్డ మనిషి. అప్పట్నుంచి యులాలియా ఆవిడను కొమాద్రె అంటుంది. మనం వదినా అన్నంత దగ్గర పిలుపు అది.

గుడి పక్కనే సెయింట్ బ్రెండన్ బడి. ఎప్పుడో ఐరిష్ వాళ్లు కట్టుకున్న ఎర్ర ఇటుకల భవనం. ఇప్పుడు అందులో చదివేది చుట్టుపక్కల వీధుల్లోని మెక్సికన్ల పిల్లలు. పేదవాళ్లు కట్టుకోగలిగినంతే ఫీజు. మిగిలింది ఊళ్లో మంచివాళ్లు భరిస్తారు. ఇళ్ల కప్పులు వేసి రిటైరైన ముగ్గురు ముసలివాళ్లు ఏటా వచ్చి బడి కప్పు బాగుచేసి పోతారు. ఒక బేకరీ ఆయన బుధవారం బుధవారం రొట్టెలు పంపిస్తాడు. ప్రసూనమ్మ మధ్యాహ్నం పూట వంటగదిలో ట్రేలు సర్దుతుంది, అలవాటైన పనే కనక.

రెండేళ్ల కిందట జనవరిలో, పూజ అయ్యాక ప్రిన్సిపాల్ మిసెస్ హాలోరన్ నిలబడి ఒక మాట చెప్పిందట. వచ్చే ఏడాదికి ఎనభై మూడు మంది పేర్లే ఉన్నాయి. ఏప్రిల్ ఆఖరి శనివారం సాయంత్రం నాలుగింటికి నూట ఇరవై కాకపోతే జూన్‌లో బడి మూసేస్తారు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ప్రసూనమ్మ ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు తన చిన్నప్పటి సంగతి చెప్పింది.

ఆవిడకు ఏడేళ్లు. తల్లితో పాటు మిరపకాయ కోతకు వెళ్లేది. గుళ్లో ఫాదర్‌గారు ఆడపిల్లల్ని కూడా బడికి పంపండని మూడు ఆదివారాలు చెప్పారట. వాళ్ల నాన్న విన్నాడు, ఊరుకున్నాడు. తర్వాత ఒక సాయంత్రం సిస్టర్ ఒకావిడ వాళ్ల ఇంటికే వచ్చి, నులకమంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, మీ అమ్మాయిని పిలవడానికి వచ్చాను అందట.

"ఇంటికొచ్చి పిలిచాక పంపకపోతే ఏం బాగుంటుంది అన్నాడు మా నాన్న. ఆ ఒక్క మాట మీద నేను చదువుకున్నానండి అన్నయ్యగారూ" అంది ప్రసూనమ్మ.

బడివాళ్లు ప్రయత్నం చేయకపోలేదు. రెండు భాషల్లో కరపత్రాలు వేశారు, ఫేస్‌బుక్‌లో పెట్టారు, ఈమెయిళ్లు పంపారు. రెండు వారాల్లో ఒక్క పేరు కూడా రాలేదు. కాథలిక్ బడి అంటే డబ్బున్నవాళ్లదని ఆ వీధుల్లో చాలామంది అనుకుంటారట. కాదని కాగితం చెబితే ఎవరు నమ్ముతారు?

"పెళ్లికార్డు పోస్టులో పడేస్తే మీరు వెళ్తారా?" అని అడిగింది నన్ను.

"వెళ్లను."

"మరి వాళ్లెందుకొస్తారు?"

ఆ శనివారమే మొదలుపెట్టింది. మిసెస్ హాలోరన్ ఇచ్చిన నీలం కోటు వేసుకుంది. మెడలో పేరున్న కార్డు, చేతిలో అట్టకు బిగించిన ఫారాలు. మంచు పడుతోంది. నేను వీధి మొదట్లో కారు ఆపి, ఇంజిన్ నడుస్తూండగానే పుస్తకం తెరిచాను. నచ్చిన వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకునే అలవాటు నాకు. మధ్యమధ్య తలెత్తి చూస్తే ఆవిడ ఒక మెట్టు దిగుతూనో, ఇంకో మెట్టు ఎక్కుతూనో కనిపించేది. పదకొండు ఇళ్లు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపల టీవీ ఆగిపోయేదట, పరదా కదిలేదట, అంతే. పన్నెండో ఇంట్లో అద్దానికి ముక్కు ఆనించి ఒక చిన్నపిల్ల చూసింది. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి ఆ పిల్లను వెనక్కి లాగేసింది.

సాయంత్రం యులాలియా ఫోన్ చేసింది. ఆవిడ అన్నది నాకు తర్వాత ప్రసూనమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆ పేటలో ఫోన్లన్నీ మోగిపోయాయట. నీలం కోటు వేసుకుని మెడలో కార్డుతో ఒక ఆడమనిషి ఇంటింటికీ కాగితాలు పట్టుకుని తిరుగుతోంది, వీధి చివర నల్ల కారులో ఒకాయన ఇంజిన్ ఆపకుండా కూర్చుని తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు, ఎవరూ తలుపు తీయకండి అని. ఇమ్మిగ్రేషన్ వాళ్లనుకున్నారు.

వీసా కాగితాల కోసం ఎన్నేళ్లు భయపడ్డామో మా తరం వాళ్లకు తెలుసు. కవరు వస్తే విప్పకుండా ముందు దేవుడి దగ్గర పెట్టేవాళ్లం. అలాంటిది, నా పెన్సిలు చూసి పన్నెండు ఇళ్లవాళ్లు పిల్లల్ని దాచుకున్నారంటే నాకు ఆ రాత్రి పుస్తకం తెరవబుద్ధి కాలేదు.

ప్రసూనమ్మ మాత్రం తప్పు తనదే అంది. పిలవడానికి వెళ్లేది అలాగా? మరుసటి శనివారం నేత చీర కట్టుకుంది, పైన స్వెటర్, కాళ్లకు మంచు బూట్లు. పక్కన యులాలియా. చేతిసంచిలో చేగోడీల పొట్లాలు, నారింజపళ్లు. ఫారాల ఊసే లేదు. నేను యథాప్రకారం కారు ఆపి సీటు వెనక్కి వాల్చబోతే ఆవిడ నా వైపు తలుపు తీసింది.

"దిగండి అన్నయ్యగారూ. కారులో మనిషి ఉండకూడదు."

"నాకు వాళ్ల భాష రాదు కదమ్మా."

"కాఫీ ఇస్తారు. తాగడం వచ్చుగా?"

అలా డెబ్భై ఒకటో ఏట నేను ముక్కూమొహం తెలియని వాళ్ల వంటిళ్లలో కూర్చోవడం నేర్చుకున్నాను. దాల్చినచెక్క వేసిన కాఫీ తాగాను. ప్రసూనమ్మ పద్ధతి ఎక్కడా తప్పేది కాదు. ముందు ఇంట్లో పెద్దావిడ ఎవరో కనుక్కుని ఆవిడ దగ్గర కూర్చునేది. మోకాళ్ల నొప్పులు, మనవళ్ల పేర్లు, ఎవరి ఊరు ఏది, అన్నీ అయ్యాక లేచి నిలబడి, పిల్ల చేతిలో నారింజ పెట్టి, మీ పిల్లను మా బడికి పిలవడానికి వచ్చామని పెద్దావిడతో చెప్పేది. ఫీజు మీరు కట్టగలిగినంతే అన్నమాట యులాలియా చెప్పేది. ఆవిడ పిల్లలు ముగ్గురూ అక్కడే చదివారు కనక ఆ మాటను నమ్మేవారు.

పన్నెండో ఇంటికీ వెళ్లాం. యులాలియా గొంతు విని తలుపు జానెడు తెరుచుకుంది. సందులోంచి ఒక ముసలావిడ, ఆవిడ నడుము పక్కనుంచి ఆ ముక్కుపిల్ల. ఆ పిల్ల పేరు సిత్లాలీ, ఐదేళ్లు. ముసలావిడ లోపలికి రమ్మనలేదు. ప్రసూనమ్మ దగ్గర చేగోడీల పొట్లాలు అయిపోయాయి. దారిలో మేం తినడానికని చేగోడీలు పోసి తెచ్చిన స్టీలు డబ్బానే తీసి ఇచ్చేసింది. తన పెళ్లినాటి డబ్బా అది, మూత మీద శౌరి, ప్రసూన అని తెలుగులో చెక్కించి ఉంటుంది. తలుపు మూసుకుంది.

"డబ్బా పోయినట్టే" అన్నాను కారెక్కుతూ.

"స్టీలు డబ్బా ఎక్కడికి పోతుందండి" అంది.

ఏప్రిల్ దాకా ప్రతి శనివారం తిరిగాం. అరవై ఇళ్లు దాటాం. చాలామంది ఆఖరి రోజున వచ్చి పేరు రాయిస్తామన్నారు. ఆఖరి శనివారం ఉదయం చూస్తే కొత్త పేర్లు ఇరవై నాలుగు. కావలసింది ముప్పై ఏడు. పేర్లు రాసుకోవడానికి బడివాళ్లు హాల్లో బల్లలు వేసి, రంగుకాగితాలు కట్టి కూర్చున్నారు. మధ్యాహ్నం రెండింటికి లెక్క ముప్పై దగ్గర ఆగిపోయింది. మిసెస్ హాలోరన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. ఆ మనిషి అలా తిరిగి నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

ప్రసూనమ్మ చటుక్కున లేచింది. "రెండో పిలుపు పిలవలేదు అన్నయ్యగారూ. మతిపోయింది నాకు" అంది.

వాళ్ల ఊళ్లో విందంటే ముందురోజు పిలిచి ఊరుకోరు. విస్తళ్లు వేసే వేళకు మళ్లీ ఇంటింటికీ మనిషి వెళ్లి లేవండని చెప్పాలి. ఆ రెండో పిలుపు అందకపోతే తయారై కూడా గడపలోనే కూర్చుంటారు. వస్తామన్నవాళ్ల వీధులు మూడు. ఒకటి ఆవిడ, ఒకటి యులాలియా, మూడోది నేను. యా ఎస్ ఓరా అనే మూడు మాటలు నాతో పదిసార్లు చెప్పించింది. వేళయింది అని అర్థమట. నా జన్మలో ఎవరి తలుపూ తట్టని నేను ఆ వీధిలో పద్నాలుగు తలుపులు తట్టి, పద్నాలుగుసార్లు వేళయిందని చెప్పాను. ఒకచోట నా ఉచ్చారణ విని లోపల అందరూ నవ్వారు. నవ్వుతూనే చెప్పులు వేసుకున్నారు.

మూడు గంటలకు బడి మెట్ల మీద నిలబడి చూశాను. మూడు వీధుల్లోంచీ వస్తున్నారు. తల దువ్వించుకుని పౌడరు రాసుకున్న పిల్లలు, వాళ్ల చెయ్యి పట్టుకున్న నాయనమ్మలు, వెనక స్ట్రాలర్లు తోసుకుంటూ తల్లులు. మూడున్నరకు నూట ఇరవై అయింది. కప్పు బాగుచేసే ముసలివాళ్లలో ఒకాయన పరుగెత్తి వెళ్లి బడిగంట తాడు పట్టుకుని లాగాడు. మిసెస్ హాలోరన్ ఎవరిని కావలించుకుందో, ఎవరిని వదిలిందో ఆవిడకే తెలియదు.

ప్రసూనమ్మ మాత్రం గేటు దగ్గర్నుంచి కదల్లేదు. ఎవరికోసం చూస్తోందో నాకు తెలుసు. నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా, బల్లలు మడుస్తూండగా, వీధి మలుపులో సిత్లాలీ కనిపించింది. ముసలావిడ నెమ్మదిగా నడిచి వచ్చి స్టీలు డబ్బాను ప్రసూనమ్మ చేతిలో పెట్టింది. డబ్బా బరువుగా, వేడిగా ఉంది. లోపల మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న కుడుములు, తమాలెలంటారు వాళ్లు. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని వాళ్లకూ ఉందట. సిత్లాలీ నూట ఇరవై రెండో పేరు.

బడి నిలబడింది. ఆ అక్టోబరులో బడికి అండగా నిలిచినవాళ్లకు విందు పెట్టి సన్మానం చేస్తామన్నారు. కప్పు వేసే ముగ్గురు, బేకరీ ఆయన, ఫీజులు భరించే గుడి పెద్దలు, వాళ్లతోపాటు ప్రసూనమ్మ. బంగారు అంచు కార్డు పోస్టులో వచ్చింది. ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి ఊరుకుంది. ట్రేలు సర్దేదానికి సన్మానం ఏమిటని సిగ్గు. మిసెస్ హాలోరన్ నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. నేను వెళ్లి అడిగాను.

"కార్డు వచ్చింది అన్నయ్యగారూ. పిలిచిందెవరు?" అంది ప్రసూనమ్మ, నవ్వకుండా.

ఆ మాటను నేను యులాలియాకు చేరవేశాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

విందు రోజు ఉదయం నేను చూస్తూండగానే ప్రసూనమ్మ ఇంటి ముందు ఏడు కార్లు ఆగాయి. నాయనమ్మలు దిగారు, తల్లులు దిగారు, బడి యూనిఫాంలో పిల్లలు దిగారు. ఆ వీధిలో పరదాలు కదిలాయి. అందరికంటే ముందు సిత్లాలీ మెట్లెక్కి తలుపు తట్టింది. ప్రసూనమ్మ పిండి చేతులతో తలుపు తీసింది. ఆ పిల్ల ఆవిడ చేతిలో నారింజపండు పెట్టి, ఇంగ్లీషులో, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మా బడికి మిమ్మల్ని పిలవడానికి వచ్చాం."

ప్రసూనమ్మ ఒక్క నిమిషం నారింజపండు వైపే చూసింది. తర్వాత చేతులు చీర కొంగుకు తుడుచుకుని, ఇంటికొచ్చి పిలిచాక రాకపోతే ఏం బాగుంటుంది అంది. తెలుగులోనే అంది. అందరికీ అర్థమైంది. ముసలావిడ నా వైపు వేలు చూపించి యులాలియాతో ఏదో చెప్పింది. నల్ల కారు ఆయన కూడా రావాలట, కారులో కూర్చోకూడదట.

ఆ సాయంత్రం హాల్లో ఆవిడ పేరు చదివినప్పుడు చప్పట్లు ముందు వంటగది వైపు నుంచి మొదలయ్యాయి, తర్వాత హాలంతా అందుకుంది. ప్రసూనమ్మ పట్టుచీర మీద స్వెటర్ తీయడం మరచిపోయి, సిత్లాలీ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కింది. మైకులో ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఆ పన్నెండు వారాల్లో తాను వెళ్లిన ఇళ్ల పెద్దావిడల పేర్లు, ట్రేలు సర్దినట్టే కాగితం చూడకుండా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెప్పిన పేరల్లా లేచి నిలబడింది.