అప్పలమ్మ ఆంటీ నా మాట విన్న రోజు

నిన్న మధ్యాహ్నం పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో మా ల్యాబ్ మెట్లెక్కుతుంటే ఫినాల్ ఘాటు గొంతుకు తగిలింది. కొత్తగా చేరిన అమ్మాయి గాజు పలక మీద ఎర్ర రంగు పోసి, కింద మంట పెట్టి వేడి చేస్తోంది. క్షయ క్రిమిని పట్టిచ్చే రంగు అది. యంత్రాలు వచ్చాక దాని వాడకం తగ్గిపోవడంతో ఆ వాసన తగిలి చాలాకాలమైంది. మెట్ల మీదే ఆగిపోయాను. అప్పలమ్మ ఆంటీ గుర్తొచ్చింది. ఆమె పోయి ఆరేళ్ళయింది.

నేను విశాఖపట్నంలో పాథాలజీ చదివి డర్బన్‌కు వచ్చేసరికి, ఇక్కడ తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి రెండేళ్ళయింది. నేను చేరిన ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ఆంటీ టెక్నాలజిస్టు. ఊరి శివారున సీ కౌ లేక్‌లో ఉండేది. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చాడట. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే అయినా పూజకీ, కూరలకీ, తిట్లకీ తెలుగు మిగిలింది. వాటిలో తిట్లు దివ్యంగా వచ్చేవి. ముప్పై ఏళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేసినా, ఆమె దగ్గర పని నేర్చుకున్న తెల్లవాళ్ళే ఆమెకు పై అధికారులయ్యారు. ఒకప్పుడు వాళ్ళకే పరిమితమైన టీ గది ఇప్పుడు అందరిదీ అయింది. ఆంటీ మాత్రం తన స్టూలు మీదే టీ తాగేది.

"లోపలికి వెళ్ళరేం ఆంటీ?" అని అడిగానొకసారి.

"ముప్పై ఏళ్ళు నా టీ ఇక్కడే చల్లారింది బాబూ. లోపలికెళ్తే రుచి మారుతాదా?"

ఆమెకొక అలవాటు ఉండేది. మెడ గ్రంథి నుంచి తీసిన ముక్క ఏది వచ్చినా, డాక్టరు అడగకముందే ఒక పలకకు ఆ ఎర్ర రంగు వేసేసేది. డాక్టరు కాగితం మీద రాస్తేనే వేయాలన్నది నియమం. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు, కోపం ముక్కు మీదే ఉండేది. చేరిన రెండో నెలలో నిలదీశాను.

"ఇది వేయమని ఎవరడిగారు ఆంటీ? ఇందులో క్షయ ముద్ద ఎక్కడుంది?"

మాక్రోఫేజ్ అనే కణాలు క్షయ క్రిమిని మింగుతాయి. మింగినవన్నీ గుమిగూడి క్రిమి చుట్టూ గోడ కడతాయి. మైక్రోస్కోపులో అది గుండ్రటి ముద్దలా కనిపిస్తుంది. విశాఖలో అలాంటివి లెక్కలేనన్ని చూశాను. ముద్ద ఉంటే క్షయ, లేకపోతే కాదు. నా లెక్క అంతే.

"ఐకోనా," అంటూ ఆంటీ తల అడ్డంగా ఊపింది. కాదు, కుదరదు అనడానికి ఇక్కడ అందరూ వాడే మాట అది. "ఈ కొత్త జబ్బులో ముద్ద రాదు. మాక్రోఫేజ్ మింగుతాది. కానీ చంపాలంటే వేరే కణాలు హుకుం ఇవ్వాల. ఈ జబ్బు ఆ హుకుం ఇచ్చేవాళ్ళనే తినేస్తాది. ఇంకేం చేస్తాది? క్రిమిని కడుపులో పెట్టుకుని కూర్చుంటాది. క్రిమి అక్కడే పిల్లలు పెడతాది."

కొత్త జబ్బంటే హెచ్ఐవీ. ఆ రోజుల్లో దాని పేరు పైకి అనేవాళ్ళు కాదు. ఆమె చెప్పింది నేను పుస్తకంలో చదివిందే. అయినా టెక్నాలజిస్టు నాకు పాఠం చెప్పడమేమిటని ఒళ్ళు మండింది.

"ఇకమీదట నేను రాసిస్తేనే వేయండి," అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "సరే డాక్టర్," అంది. అంతవరకూ నన్ను బాబూ అనే పిలిచేది.

మూడు వారాల తర్వాత తాండెకా అనే అమ్మాయి మెడ గ్రంథి ముక్క వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, ఒక చంటిపిల్ల తల్లి. జ్వరం, చిక్కిపోవడం, హెచ్ఐవీ కూడా. ముద్దలు వెతికాను. లేవు. మాక్రోఫేజ్‌లు మాత్రం ఉబ్బి, పాలిపోయి, ఎక్కడపడితే అక్కడ పరుచుకుని ఉన్నాయి. 'క్షయ లక్షణాలు లేవు' అని రాసి సంతకం పెట్టాను. అప్పట్లో ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీకి మందు లేదు. క్షయకు ఉంది. ఆ ఒక్క అవకాశం నా వాక్యంతో పోయింది. నెల తిరక్కుండానే తాండెకా చనిపోయింది.

వార్డు డాక్టరు స్వయంగా కిందికి దిగివచ్చాడు. కోప్పడలేదు. "ఇంకొక్కసారి చూస్తారా?" అని మాత్రం అడిగాడు. మిగిలిన ముక్కకు ఎర్ర రంగు వేయమని ఆంటీకి రాసిచ్చాను. వేసి, పలక నా ముందు పెట్టి నిలబడింది. చూశాను. ప్రతి మాక్రోఫేజ్ కడుపులోనూ కిక్కిరిసి ఎర్రటి క్రిములు.

"మీకు ముందే తెలుసా ఆంటీ?"

"అనుమానం ఉంది."

"మరి అప్పుడే వేయలేదేం?" ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో ఆ క్షణాన తోచలేదు.

ఆమె కళ్ళు నిండాయి. "నువ్వు వద్దన్నావు, నేను విన్నాను. ముప్పై ఏళ్ళూ వినడమే నేర్పినారు నాకు. నీ మాట నేను వినాల్సింది కాదు బాబూ. అది నా తప్పు."

నేను చేసిన తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంది. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఆ తర్వాత జరిగింది. నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ఆ నెలలోనే తేలాలి. అందుకని మెల్లగా నసిగాను, "పోయిన మనిషికి ఇప్పుడు రిపోర్టు మార్చి ఏం లాభం ఆంటీ?"

"ఛీ! సిగ్గులేని మొహమా!" ల్యాబంతా మావైపు తిరిగి చూసింది. "చంటిది అమ్మ ఒళ్ళోనే పడుకుంది కదా ఇన్నాళ్ళు! మెడలో ఇంత ఉంటే ఛాతీలో ఉండదా? అమ్మకి టీబీ లేదని నువ్వు రాస్తే, ఆ పిల్లని ఎవరు చూస్తారు? రాయి!"

స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. రాసేదాకా లేవలేదు. 'మొదట నేను తప్పుగా చదివాను. ఈమెకు క్షయ ఉంది. ఇంట్లోవారిని వెంటనే పరీక్షించండి.' రాశాక, మీరూ సంతకం పెట్టండి ఆంటీ అన్నాను. ఆ కాగితంలో టెక్నాలజిస్టుకు చోటు లేదు. అంచున పెట్టింది, పూర్తి పేరు, చిన్నపిల్లలా ఒక్కో అక్షరం పేర్చుకుంటూ.

పిల్లకు క్షయ ఉందని తేలింది. మందులు మొదలుపెట్టారు, బతికింది. నా కాంట్రాక్టు పొడిగించారు కూడా. ఆ రిపోర్టు గురించి నన్నెవరూ ఒక్క మాటా అడగలేదు. నేనే ఊరికే భయపడ్డాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళు నాతో బాగా వాదిస్తారు. కొత్తగా వచ్చిన డాక్టర్లకు అది నచ్చదు, నచ్చకపోతే మానె. ఇన్నేళ్ళలో 'నేను తప్పుగా చదివాను' అని మరో నాలుగుసార్లు రాయాల్సివచ్చింది. ఒక్కసారి కూడా మర్నాటికి వాయిదా వేయలేదు.