జమేదారమ్మ కొసరు తీసుకోలేదు

జనగామ విలేకరి రాసే వార్తలు మా వరంగల్ ఆఫీసుకు రోజూ బస్సులో కవరుగా వస్తాయి. ఆ రోజు కవరులో కరెంటు కోతల వార్త, లారీ బోల్తా వార్త, వాటి వెనక ఒక చీటీ ఉన్నాయి. "జమేదారమ్మ పొద్దున పోయింది. చాయ్ పొయ్యి మీద పెట్టి కూలబడ్డదట. మధ్యాహ్నం తీస్తరు" అని ఉంది. మొదటి రెండు వార్తలూ దిద్ది ఇచ్చేసి రైలెక్కాను. దారి పొడుగునా ఏమైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి పొలాలు కనిపించాయి, అంతే.

ఆమె ఎవరో పాఠకులకు చెప్పాలి. మా వైపు హెడ్ కానిస్టేబుల్‌ను జమేదార్ అంటారు. ఆయన భార్య కాబట్టి ఆమె జమేదారమ్మ. విలేకరిగా జనగామలో ఉన్న రోజుల్లో వాళ్లింటి ముందుగదిలో నేను కిరాయికి ఉన్నాను. అప్పటికే జమేదార్ లేడు. పిల్లల్లేరు. ఆమె కుట్టుమిషను తొక్కుకుంటూ బతికేది. పేరు పెట్టి పిలిస్తే ఒప్పుకునేది కాదు. "పేరెందుకు బిడ్డా, జమేదారమ్మ అంటె ఊరంత ఎరుకే" అనేది. అందుకే ఇక్కడా పేరు రాయడం లేదు.

కూరగాయలు కొని కొసరు అడగని ఆడమనిషిని ఆ అంగట్లో ఈమెను తప్ప నేను చూడలేదు. ఎప్పుడూ ఒకే ముసలామె దగ్గర కొనేది. తూకం అయ్యాక ఆ ముసలామె రెండు కరివేపాకు రెమ్మలు సంచిలో పడేసేది. ఈమె వాటిని తీసి మళ్లీ గంపలో పెట్టేది.

"ఊకెనే ఇస్తున్న గదనే, తీస్కో."

"తూకంల వచ్చినంతే నాదక్కా."

"కరివేపాకుకు గూడ తూకమా? నీ అసుంటి మనిషిని యాడ జూడలె."

ప్రతిసారీ ఇదే మాట, ఇదే జవాబు. ఇంటికొచ్చి కరివేపాకు లేని పప్పు వండేది. ఇదేదో మొండితనం అనుకున్నాను. ఆ ముసలామె ఎవరో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జరుగుతున్నప్పుడు జమేదార్ ఒక ఊరి ఠాణాలో పనిచేసేవాడు. ఊరి పేరు ఇప్పుడు అవసరం లేదు. బందులు, ఊరేగింపులు, విద్యార్థుల అరెస్టులు రోజూ ఉండేవి. అక్కడి ఎస్సైకి అరెస్టులు మంచి పంటగా కనిపించాయి. ఇచ్చుకోగలిగిన ఇంటి పిల్లలు సాయంత్రానికి బయటికి వచ్చేవారు. ఆ ఇళ్లకు పోయి మాట్లాడి వచ్చే పని జమేదార్‌ది. తన వాటా తను తీసుకునేవాడు. ఇచ్చుకోలేని ఇంటి పిల్లవాడు ఒకడు లాకప్పులో దెబ్బలు తిని, దవాఖానకు తీసుకుపోతుండగా చనిపోయాడు. రాళ్లు రువ్వుకున్నప్పుడు తలకు తగిలిందని ఠాణా వాళ్లు చెప్పారు. విచారణకు పెద్ద అధికారి వచ్చాడు. అందరూ ఒకే మాట చెప్పారు. జమేదార్ మాత్రం వేరే చెప్పాడు. "రాయి తాకలే సార్. ఎస్సై సాబ్ కొట్టిండు. పోరని చేతులు నేను పట్టుకున్న."

ఎస్సై వేరే ఊరికి బదిలీ అయ్యాడు. జమేదార్‌ను భూపాలపల్లి అవతల అడవిలోని ఔట్‌పోస్టుకు పంపారు. అక్కడ చలిజ్వరం వచ్చింది. మళ్లీ ఇంటికి రాలేదు. భార్య జనగామలోని తల్లిగారింటికి చేరింది.

చనిపోయిన పిల్లవాడి తల్లి రోజూ పొద్దున బస్సులో కూరగాయల గంప తెచ్చి అదే జనగామ అంగట్లో కూచునేది. జమేదారమ్మ మొదట్లో ఆ వరసలోకే పోయేది కాదట. ఒకరోజు ఆ తల్లే కేకేసి పిలిచింది. పిలిచి ఏమన్నదో జమేదారమ్మ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఒక్క మాట తేడా లేకుండా.

"నీ మొగడు నా కొడుకు చేతులు పట్టిండు. కని, పట్టిన్నని చెప్పిండు. ఇగ తప్పించుకొని తిరుగుడెందుకు? వంకాయలు కావాల్నా?"

ఆ రోజు నుంచి ఆమె దగ్గరే కొనేది.

ఈ సంగతి నా దగ్గర విన్న ఒక స్నేహితుడు సినిమా తీస్తానన్నాడు. అతనిది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మేమంతా మానుకోట అనే అంటాం. మద్రాసులో కొన్నేళ్లు సహాయ దర్శకుడిగా చేసి వచ్చాడు. అప్పటికే అందరూ రంగుల్లో తీస్తున్నా తను నలుపు తెలుపులో తీస్తానన్నాడు. పోలీసుల అవినీతి కథ కాబట్టి సగం సినిమా చీకట్లో ఉండాలన్నాడు. డబ్బు పెట్టడానికి రేగొండ వైపు భూస్వామి ఒకాయన ముందుకొచ్చాడు. ఆయన్ని అందరూ పటేల్ అనేవారు.

ఠాణాలో షూటింగుకు అనుమతి రాలేదు. మొగుళ్లపల్లిలో ఒక పాత ధాన్యం గిడ్డంగికి ఊచలు బిగించి లాకప్పు చేశారు. అరవై తొమ్మిది వాతావరణం కోసం జనగామలో ఒక గోడ మీద ఉద్యమ నినాదాలు రాశారు. తెల్లారి గోడ దగ్గర జనం పోగయ్యారు. "మల్ల మొదలైందా?" అని ఒకాయన నన్నే అడిగాడు. దర్శకుడు కెమెరాతో వచ్చేసరికి పోలీసులు గోడకు సున్నం కొట్టించారు. ఆ సున్నం కొట్టడాన్నే తీసుకున్నాడు. సినిమాలో అదొక మంచి షాటు.

చీకటి సన్నివేశాలు చాలామటుకు మిట్టమధ్యాహ్నం తీసేవారు. కెమెరాకు ముదురు గాజు బిగిస్తే ఎండంతా తెర మీద రాత్రిలా కనిపిస్తుంది. జమేదారమ్మ గొడుగు పట్టుకుని నిలబడి చూసేది. "పగటి పూటనే చీకటి జేస్తరా? మా ఠాణోళ్లు గూడ గట్లనే జేసేటోళ్లు" అంది. కెమెరామన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అసలు గొడవ కథ దగ్గర వచ్చింది. షూటింగ్ మొదలవకముందే దర్శకుడు ఆమె ఇంటి అరుగు మీద కూచుని కథ చదివి వినిపించాడు. అందులో జమేదార్ మొదటి సన్నివేశంలోనే లంచం ఇవ్వబోయిన చేతిని నెట్టేస్తాడు. లాకప్పులో ఎస్సైని ఆపబోయి తనూ దెబ్బలు తింటాడు. ఆమె మధ్యలోనే మిషను తొక్కడం ఆపింది.

"ఎవలు గీనె?"

"మీ ఆయననే, జమేదారమ్మా."

"మా ఆయిన గాదు. మా ఆయిన మామూలు తీసుకున్నడు. చేతులు పట్టిండు. మీరు ఇంకెవన్నో రాసుకొచ్చిన్రు."

"చూసేటోళ్లకు నచ్చాలె గద. పటేల్ గూడ హీరో మంచోడుండాల్నంటున్నడు."

"నచ్చుడు నీ పరేషాను బిడ్డా. నా పరేషాను నాకుంది. ఆయిన పట్టిన్నని చెప్పిండు గాబట్టే ఆమె నాకు వంకాయలు తూస్తుంది. పట్టలేదని తెర మీద చూపిస్తె రేపు ఆమె ముంగట ఏం మొఖం పెట్టుకొని నిలవడాలె?"

దర్శకుడు ఆలోచిస్తానన్నాడు. పటేల్ ఒప్పుకోలేదు. లంచం తీసుకునే హీరో ఉన్న సినిమాను కొనేవాడు ఉండడని తేల్చి చెప్పాడు. ఆయన లెక్కలో అది నిజమే కావచ్చు. షూటింగ్ మొదలైంది, కథ మారలేదు. జనగామలో తీసినన్నాళ్లూ ఆమె రోజూ వచ్చి గొడుగు కింద నిలబడేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

కథ మారింది అరటిపండ్ల వల్ల. జమేదార్ వేషం వేసింది వరంగల్ నాటకాల నటుడు. ఒకరోజు పని మధ్యలో ఖాకీ నిక్కరు, బెల్టు, టోపీతోనే బస్టాండు దాకా నడిచి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో అరటిపండ్లు, జేబులో సిగరెట్ పెట్టె ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది.

"నన్ను గుర్తుపట్టిన్రన్నా! చాయ్ తాగితె పైసల్ వద్దన్నరు. పండ్లాయన నేను అడుగకముందే చేతుల పెట్టిండు. నా నాటకాలు జనగామల గూడ చూసిన్రన్నట్టు."

పండ్లు అందరికీ పంచాడు. కుర్చీలో కూచున్న పటేల్ కూడా ఒకటి ఒలుచుకుని తిన్నాడు. ఇంతలో పండ్లాయన చిన్నకొడుకును వెంటేసుకుని షూటింగ్ చూడ్డానికి వచ్చాడు. కెమెరా, మేకప్పు, వరసగా నిలబడ్డ ఇంకో నలుగురు నకిలీ పోలీసులను చూశాడు. నటుణ్ణి వేలితో చూపించాడు.

"గీనె పోలీసు గాదా?"

"కాదే, యాక్టరు. ఇప్పటి పోలీసులు నిక్కర్లు ఏస్తరా?" అన్నాడు దర్శకుడు.

"నిక్కరో పాంటో నేను జూసిన్నా? ఖాకీ జూసిన, ఇచ్చిన. యాక్టరైతె పైసలియ్యున్రి మరి."

అందరూ పగలబడి నవ్వారు. నటుడొక్కడే తల దించుకున్నాడు. జమేదారమ్మ గొడుగు ముడిచి ముందుకొచ్చింది. ఆమె గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"మా ఆయిన గూడ మొదటిరోజు అడుగలే. గిట్లనే చేతుల పెట్టిన్రు. ఇంటికి తెచ్చిండు. నేను తిన్న." పటేల్ వైపు తిరిగింది. "పటేలా, మీరు గూడ తిన్నరు."

పటేల్ చేతిలో తొక్క ఉంది. దాన్ని ఎక్కడ పడేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని కూచున్నాడు. తర్వాత పండ్లాయనకు డబ్బులిప్పించి, దర్శకుడితో ఒకటే అన్నాడు: "ఆమె చెప్పినట్టె తియ్యి. కని చివర్ల మంచోడు గావాలె."

"చివర్ల నిజం చెప్పిండు. మంచోడైండో లేదో నాకు తెల్వదు" అంది జమేదారమ్మ.

అలాగే తీశారు. జమేదార్ అరటిపండ్లతో ఇంటికి వచ్చే సన్నివేశం కొత్తగా చేరింది. చేతులు పట్టుకునే సన్నివేశం మొగుళ్లపల్లి గిడ్డంగిలో తీశారు. ఆ రోజు మాత్రం ఆమె రాలేదు. ఔట్‌పోస్టు సన్నివేశాలకు గంగారం అడవికి వెళ్లినప్పుడు రమ్మంటే వచ్చింది. భర్త చనిపోయిన చోటు అది కాదని ఆమెకు తెలుసు. అయినా సినిమా కోసం వేసిన గుడిసె లోపలికి పోయి, కుక్కిమంచం మీద కాసేపు కూచుని వచ్చింది.

సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. ప్రింటు ఇప్పుడెక్కడ ఉందో దర్శకుడికే తెలియదు. జనగామలో మ్యాట్నీకి ఆ ఇద్దరు ఆడవాళ్లూ కలిసి వచ్చారు. నేను వాళ్ల వెనక వరసలో కూచున్నాను. అరటిపండ్ల దగ్గర హాలంతా నవ్వింది. ఎవరికి వాళ్లు తమకు తెలిసిన పోలీసును గుర్తు చేసుకున్నారనుకుంటాను. లాకప్పు సన్నివేశంలో తెర నిండా రెండు జతల చేతులు కనిపించాయి. అప్పుడు పిల్లవాడి తల్లి పక్కకు తిరిగి మామూలు గొంతుతో అంది.

"గట్ల లేకుండె నా కొడుకు. వాడు బక్కగుండె. గింత లావు పోరడు గాదు."

"అవునక్కా. బక్కగనే ఉండెనట. ఆయిన చెప్పిండు."

ఇంకో రెండు సన్నివేశాల తర్వాత తల్లి లేచింది. బస్సు వేళయింది, ఖాళీ గంప అంగట్లో ఉంది. జమేదారమ్మ కూడా లేచింది. విచారణలో భర్త నిజం చెప్పే చివరి సన్నివేశం ఆమె చూడనే లేదు. సాయంత్రం అడిగాను. "ఆ మాట నేను ఆయిన నోట్లెనే విన్న. ఇంకోని నోట్ల మల్లెందుకు?" అని మిషనుకు దారం ఎక్కించుకుంది.

నాకు వరంగల్ బదిలీ అయ్యాక, జనగామ పోయినప్పుడల్లా కలిసేవాణ్ణి. చాయ్ పోసేది. "ఏం రాస్తున్నవ్?" అని అడిగేది. చెబితే, "చూసిందేనా, విన్నదా?" అని మళ్లీ అడిగేది. మా ఆఫీసులో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

ఆ రోజు రైలు దిగి నేను చేరేసరికి అంతా సిద్ధంగా ఉంది. ఆమె తమ్ముని కొడుకు నిప్పుకుండ పట్టుకున్నాడు. పాడె వెంట ఎక్కువమంది లేరు. దర్శకుడు మానుకోట నుంచి వచ్చాడు. ఇద్దరం పక్కపక్కన నడిచాం. అంగడి దగ్గర డప్పులు కాసేపు ఆగాయి. కూరగాయల వరసలోంచి ఆ తల్లి లేచి వచ్చింది. ఇప్పుడు బాగా వంగిపోయింది. ఏడవలేదు. చేతిలో కరివేపాకు రెమ్మలు ఉన్నాయి. తెల్లబట్ట మీద, గుండె దగ్గర పెట్టింది.

"గిప్పుడన్న తీస్కోయే, జమేదారమ్మా."

ఎవరో తీసేయబోతే తమ్ముని కొడుకు వద్దన్నట్టు చూశాడు. ముసలామె పోయి తన గంప ముందు కూచుంది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. మోసేవాళ్ల అడుగు అడుగుకూ ఆ రెమ్మలు కదులుతున్నాయి. మలుపు తిరిగేదాకా చూశాను. కింద పడలేదు.