మేడమ్ అరచెయ్యి

ఈపురుపాలెంలో మగ్గం నేసే మా నాన్నకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వారానికోసారి రైల్లో తెనాలికి, స్పీచ్ థెరపీ చేసే ఒక మేడమ్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం.

ఆవిడ నాన్నని ప్రశ్న అడిగి, వెంటనే మా వైపు అరచెయ్యి అడ్డం పెట్టేది. ఏం అడిగినా అమ్మే జవాబు చెప్పేసేది మరి.

ఆవిడ చూపించిన కార్డుల్లో పియానో, మంచుబొమ్మ ఉన్నాయి. నాన్న ఒక్కదాని పేరూ చెప్పలేదు.

"ఇవి ఆయనెప్పుడైనా చూశారా అండి?" అని మమ్మల్నే అడిగి, కార్డులు సొరుగులో పడేసింది. మరుసటి వారం, మగ్గంలో నూలుని అటూ ఇటూ నడిపే నాన్న నాడెని తెమ్మంది. తెచ్చాం.

"ఇదేంటి బాబాయ్ గారూ?"

అమ్మ నోరు తెరిచింది. ఈసారి నాన్నే ఎడమ చెయ్యెత్తి ఆపాడు. చాలాసేపటికి, "నా...డె" అన్నాడు.

అమ్మ ఏడ్చేసింది. మేడమ్ మాత్రం కాగితం మీద ముందు అమ్మని ఆపిన ఆ చెయ్యి గురించి రాసుకుని, తర్వాత మాట గురించి రాసింది.