తెల్లజుట్టు దొరసాని

మొన్న మిర్యాలగూడలో మనవరాలు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నీలిపట్టు గౌను, గులాబి బుగ్గలు, పెదవి చివర కొంటెనవ్వు, తలమీద మాత్రం దూదికొండలాంటి తెల్లజుట్టు. ఎవరో డచ్చి చిత్రకారుడు నూనెరంగుల్లో వేసిందట, ఆ తీరును రొకోకో అంటారట. "ఈమె మా ఇంట్లనే ఉండేది" అన్నాను. "తాతా, మళ్ల మొదలుపెట్టినవా?" అన్నది.

మొదలుపెట్టాను. రజాకార్ల రోజుల్లో సూర్యాపేటలో మా ఇంటి ముందటి అర్రలో నిలువెత్తు దొరసాని పటం ఉండేదనీ, హైదరాబాదు నవాబుగారే మా తాతకు స్వయంగా బహూకరించారనీ చెప్పాను. నిలువెత్తు కాదు, చాటంత. నవాబుగారికి మా తాత ఎవరో తెలియదు. సికింద్రాబాదులో ఒక తెల్లదొర స్వదేశం పోతూ అమ్మిన సామానులో తాత పడకకుర్చీ కొంటే, దాంతోపాటు పటాన్ని కూడా అంటగట్టారు. ఈమే కాకపోవచ్చు, ఈమె చెల్లెలో వదినో అయి ఉంటుంది. కానీ డచ్చి వాడు వేసిన మాట, ఆ జుట్టు, ఆ నవ్వు నిజం.

పటం వచ్చిన పూటనే నాయనమ్మ దాన్ని పరీక్షగా చూసింది. ముఖం చూస్తే పడుచుది, జుట్టు చూస్తే నెరిసింది. నొసట బొట్టు లేదు, మెడలో పుస్తెలు లేవు. "అయ్యో, ముండమోసింది పాపం. దిగులుకు ఎంటికెలు తెల్లబడ్డయ్" అని తేల్చేసింది. బయటికి పోయేవాళ్లకు అట్లాంటి మనిషి ఎదురు రాకూడదు గదా. పటం వెనక అర్రలోకి పోయింది. అక్కడ అప్పటికే మా మేనత్త ఉండేది. చిన్నవయసులోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే తనంతట తనే తలుపు దగ్గరికి వేసుకునేది.

ఇద్దరికీ భలే కుదిరింది. అత్త బియ్యం ఏరుతూ దొరసానితో ముచ్చట పెట్టేది. "ఏం నవ్వుతవే? నీ మొగుడు గూడ చెప్పకుంటనే పోయిండా?" అని అడిగి తనే నవ్వేది. అత్త నవ్వు నేను విన్నది ఆ రోజుల్లోనే.

ఒకనాడు కోదాడ నుంచి తాత స్నేహితుడొకాయన వచ్చాడు, బడిపంతులు. పటం సంగతి విని చూస్తానన్నాడు. చూసి పడిపడి నవ్వాడు. "అది నెరిసిన జుట్టు కాదమ్మా, పౌడరు! వాళ్ల దేశంలో ఒకప్పుడు పడుచుపిల్లలే సోకుకి చల్లుకునేవారండీ. ఆ వేలికి ఉంగరం చూశారా? వాళ్లకదే పుస్తె. ఈవిడ నిక్షేపంగా పుణ్యస్త్రీ."

నాయనమ్మ లెంపలేసుకుంది. "తప్పయింది తల్లీ! ముత్తైదువను తెచ్చి గీ అర్రల వెట్టినం. ముందటికి తీస్కపోండ్రి."

"ఉండనీయే అమ్మా, గీడనే ఉండనీ" అన్నది అత్త. ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నేను అదే మొదలు చూడటం.

"పిచ్చి బిడ్డా, పుణ్యస్త్రీ గీడుంటదా?" అన్నది నాయనమ్మ. కసిరినట్టు కాదు, వాన పడుతున్నదని చెప్పినట్టు.

పంతులు నవ్వు ఆగిపోయింది. తాత లేచి మేకు మీంచి పటం దించాడు. పటం ముందటి అర్రకు పోయింది, నాయనమ్మ దాని నొసట కుంకుమ కూడా దిద్దింది. ఒక్క మాటతో బొమ్మ వైధవ్యం తీరిపోయింది. అట్లాంటి మాట అత్త కోసం చెప్పేవాడు కోదాడ నుంచి రాలేదు, ఇంట్లో ఉన్నవాళ్లం మేమూ చెప్పలేదు.

అత్త గుండెలవిసేలా ఏడ్చిందని రాద్దామని కలం పట్టాను. ఏడవలేదు. ఖాళీ అయిన మేకుకు జల్లెడ తగిలించి బియ్యం ఏరుకున్నది. ఆ తర్వాత ముందటి అర్ర ఊడ్చేటప్పుడు కూడా పటం వైపు తలెత్తేది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో మొగుడు పోయిన కోడలు బొట్టు పెట్టుకుని, నేను బయలుదేరుతుంటే ఎదురొచ్చి చేతికర్ర అందిస్తది. కాలం మంచిదే, కాదనను. కాకపోతే నిదానంగా నడుస్తది. మా అత్త అంతసేపు ఆగలేకపోయింది.