ధనుర్మాస భజనలు, రెండో భాగం

మా వీధికి చెత్తబండి రోజూ వస్తుంది. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా వాళ్ళు చెత్తను ఏరుకోవడం గురించే. అరటితొక్కలు తీసుకుంటారు, అట్టపెట్టెలు తీసుకుంటారు. పోయిన నెల నేను పాత టేప్ రికార్డరు మోసుకెళ్తే మాత్రం బండి మీది అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది తడి చెత్తా, పొడి చెత్తా సార్?"

"పొడిదేనమ్మా. ఎప్పుడూ వానలో తడవలేదు."

"కరెంటు సామాను మేం తీసుకోం సార్. ఇంట్లోనే పెట్టుకోండి."

చెత్తబండి కూడా వద్దన్న వస్తువుతో గుమ్మంలోకి తిరిగి అడుగు పెట్టడం ఎట్లా ఉంటుందో పెళ్ళయినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఈ సంగతి నా కాలేజీ స్నేహితుడికి చెప్పాను, నవ్వుతాడని. వాడు నవ్వలేదు. ఆమధ్య వాడికి గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, పోతూ పోతూ గొంతును కూడా వెంటబెట్టుకుని పోయింది. ఇప్పుడు నోట్లోంచి గాలి వస్తుంది, మాట రాదు. చెప్పాల్సింది ఫోనులో కొట్టి చూపిస్తాడు. ఆ రోజు ఇట్లా కొట్టాడు:

"పారేయొద్దప్పా. మన క్యాసెట్టు వెతకాల. నా గొంతు నేను ఒక్కతూరి వినాల."

తిరుపతిలో చదువుకునే రోజుల్లో మాకొక రాక్ బృందం ఉండేది. పేరు చెప్పను. చెబితే ఈ వయసులో మాకే ఇబ్బంది. వాడు గిటారు పట్టుకుని పాడేవాడు, నేను డ్రమ్ములు కొట్టేవాణ్ణి, ఇంకో ఇద్దరు చెరోపక్క నిలబడి తల ఊపేవాళ్ళు. డ్రమ్ములు మావి కావు. చిత్తూరులో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండుమేళం వాళ్ళవి. ముహూర్తాలు లేని రోజుల్లోనే మాకు ఇచ్చేవాళ్ళు. కాబట్టి మా కచేరీలన్నీ ఆషాఢంలోనో మూఢంలోనో జరిగాయి. పంచాంగం చూసుకుని రాక్ వాయించిన బృందం ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

ఒకసారి రేడియోలో యువతరం కార్యక్రమానికి పిలిచారు. స్టూడియోలో ఒక పెద్దమనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "తంబూరా ఏదీ?" అన్నాడు. లేదంటే జాలిపడ్డాడు. మా సంగీతాన్ని ఏ తరగతిలో వేయాలో ఎవరికీ తోచక, చివరికి లలిత సంగీతం కింద ప్రసారం చేశారు. అంత లలితంగా మేమెప్పుడూ వాయించలేదు.

ఆ రోజుల్లో అక్కడ పనిచేసి రిటైరైన ఒకాయన మా పక్క వీధిలోనే ఉన్నాడు. వెళ్ళి అడిగాం. ఆ టేపు ఇంకా ఉంటుందా అని. ఆయన కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు.

"టేపుకు కరువప్పా అప్పుడు. ప్రసారం కాంగానే దానిమీదనే ఇంకోటి రికార్డు చేసేవాళ్ళం. మీ పాట మీద వేరుశనగలో ఎర్ర గొంగళిపురుగు నివారణ పోయింటాది."

స్నేహితుడు ఫోను నా ముందు పెట్టాడు: "పురుగన్నా చచ్చిందా అడుగు."

మిగిలింది ఒక్క క్యాసెట్టు. ఒక వైపు కాలేజీ వార్షికోత్సవంలో మేం వాయించింది. రెండో వైపు రేడియోలో వచ్చిన మా పాటలు, హాస్టల్లో ట్రాన్సిస్టరు ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నవి. దాన్ని వాడే ఇంట్లో దాచాడు. వాళ్ళది గుడిలో ఆళ్వార్ల ప్రబంధం పారాయణ చేసే వంశం. వాళ్ళ నాయన గొంతెత్తితే వీధి చివర కుక్కలు కూడా కూర్చుని వినేవి. చిన్నప్పుడు కొడుకును పాఠానికి కూర్చోబెడితే వీడు నోరు విప్పలేదు. "వీడికి గొంతు లేదు" అని ఆయన తేల్చేశాడు. ఆ మాటే చుట్టాలందరికీ చెప్పాడు. ఇక ఆయనకు వినిపించేంత పని వీడూ పెట్టుకోలేదు.

ఆ ఇంట్లో దేవుడి పాటలు తప్ప వేరే క్యాసెట్టు కనబడకూడదు. అందుకని వాడు దానిమీద చక్కటి అక్షరాలతో 'ధనుర్మాస భజనలు, రెండో భాగం' అని రాశాడు. మొదటి భాగం ఏదని ఎవరూ అడగరని వాడి ధైర్యం. అడగలేదు కూడా. కానీ వాడు ఉద్యోగం ట్రైనింగుకు వెళ్ళినప్పుడు ఇంట్లో టేప్ రికార్డరు పాడైంది. నాయన క్యాసెట్లన్నీ పెట్టెలో సర్ది ఐరాల దగ్గర ఒక పల్లెలో భజన మందిరానికి ఇచ్చేశాడు. వెనక్కి కావాలంటే అందులో ఏముందో చెప్పాలి. వాడు చెప్పలేదు. గొంతు ఉన్నన్నాళ్ళూ ఆ క్యాసెట్టుతో వాడికి అవసరమూ పడలేదు.

ఆదివారం ఇద్దరం కారులో వెళ్ళాం. మందిరంలో దేవుడి పటాల కింద అరలో క్యాసెట్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ బొట్టు. ఏటా ఆయుధపూజకు పెడతారట. మాది కూడా బొట్టుతోనే ఉంది. భజన పెద్దాయన దాన్ని రెండు చేతులతో తీశాడు.

"దీన్ని ఒకతూరి ఏసినామప్పా, ధనుర్మాసంలో, తెల్లారుజామున, మైకులో. మొదట్లో ఉరుములు ఉరిమినట్టు వచ్చినాది. వానల్లేని యేడు అది. ఆడోళ్ళంతా దండం పెట్టుకున్నారు."

ఆ ఉరుములు నావే. "ఆ తర్వాత?" అన్నాను.

"ఎవురో అరిసినాడు. నరసింహస్వామి స్తంభంలో నుంచి వచ్చే ఘట్టం అనుకున్నాం."

"మధ్యలో ఆపేశారా?"

"దేవుడి పాట మధ్యలో ఆపుతారా యాడన్నా? అయిపోయేదాకా నిలబడే ఉన్నాం. మళ్ళా ఏసేదానికి మాత్రం ఎవురికీ గుండె చాల్లేదు."

మా పాట చివరిదాకా నిలబడి విన్న ఊరొకటి ఉందని ఇన్నేళ్ళకు తెలిసింది. కాలేజీలో ఆ మర్యాద జరగలేదు.

అసలు సంగతి చెప్పి, క్యాసెట్టు అడిగాను. ఆయనకు కోపం రాలేదు. ఇవ్వనూ లేదు.

"లోపల ఏమన్నా ఉండనీప్పా. స్వామి పేరుతో వచ్చింది, స్వామి కాడ ఉండాది. నేను తీసిచ్చేదానికి లేదు. ఇచ్చిన పెద్దస్వామి నోటితో చెప్పాల."

స్నేహితుడు ఫోనులో "వద్దు, పోదాం పా" అని కొట్టాడు. కాసేపు దాన్నే చూసుకుని చెరిపేశాడు. తర్వాత ఇంటి నంబరు నొక్కి ఫోను నా చేతికిచ్చాడు.

వాళ్ళ నాయనే ఎత్తాడు. విషయం వీలైనంత మెత్తగా చెప్పాను.

"దాంట్లో భజనలు కాకపోతే ఏముండాది?"

"పాటలు స్వామీ."

"ఎవురివి?"

స్నేహితుడు గోడకున్న పటాలు చూస్తున్నాడు. "మనవాడివే," అన్నాను.

అవతల మిక్సీ తిరిగి ఆగింది.

"వాడికి గొంతు లేదు కదా."

"అప్పుడు ఉండింది స్వామీ."

కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "ఇచ్చేయమని చెప్పినానని చెప్పు. నేరుగా నా దగ్గరికే తీసకరాండి. ముందు నేను వినాల," అన్నాడు.

తిరుగు దారిలో స్నేహితుడు క్యాసెట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బొట్టు చెరగకుండా పట్టుకోవడం చూసి ఏదో జోకు వేయబోయి మానుకున్నాను.

చెత్తబండి వద్దన్న టేప్ రికార్డరు వాళ్ళ హాల్లోకి చేరింది. హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచాను. పెన్సిలుతో టేపు బిగించాను. పెద్దాయన కుర్చీ దగ్గరకు జరుపుకుని చెవి స్పీకరుకు ఆనించాడు. స్నేహితుడు గోడ పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు కాలేజీ వైపు వేశాం. ఈలలు, నా డ్రమ్ములు, జనంలోంచి ఎవరిదో అరుపు, మళ్ళీ ఈలలు. వాడి గొంతన్నది ఎక్కడా లేదు. స్నేహితుడి మొహం వాడిపోయింది. నేను క్యాసెట్టు తిప్పి పెట్టాను.

కాసేపు బుసబుస. రేడియో ఆమె ఎవరో మమ్మల్ని లలితంగా పరిచయం చేసింది. ఒక గిటారు తీగ మోగింది. ఆ వెంటనే వాడు.

గొంతు నేను గుర్తుపెట్టుకున్నంత గొప్పగా లేదు. అంతకన్నా బాగుంది. పైకి ఎక్కేచోట సన్నగా పగిలి, పడిపోతుందనగా మళ్ళీ అందుకుంటోంది. వంటింట్లోంచి వాడి భార్య తడిచేతులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పెళ్ళికి ముందే పాట మానేసిన మనిషి మొగుడుగా దొరికాడు ఆమెకు. గోడ పక్కన వాడి పెదాలు పాటతోపాటే కదులుతున్నాయి. గాలి తప్ప ఏమీ రావడం లేదు గానీ ఒక్క మాట కూడా వెనకబడలేదు.

రెండో చరణంలో నేను దిగాను. అంటే, నా డ్రమ్ములు దిగాయి.

పెద్దాయన చెయ్యెత్తాడు. నేను టేపు ఆపాను. ఆయన కొడుకు వైపు చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పైపంచె సర్దుకుని, నాతోనే అన్నాడు:

"ఆ డబ్బాలు కొట్టేవాడెవుడో గానీ, వాడ్ని ఆ పొద్దే తన్ని బయటికి తోలుండాల్సింది. నా కొడుకు పాడేది విననీలేదు."