వంటావార్పులో వనభోజనం

అమ్మాజీ గారికి ఆదివారం పేపరంటే ఒళ్ళుమంట. ఆ రోజు అనుబంధంలో రంగురంగుల బొమ్మలు వేసి ‘జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన చోట్లు’ అని రాస్తారు. మున్నారు, మనాలి, ఈమధ్య బ్యాంకాకు కూడా చేరింది. “చూడనివాళ్ళని యముడేమైనా వెనక్కి పంపిస్తాడా?” అని పేపరుని ఓ మూలకి విసిరేసేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సెక్కితే గంటలో గుట్టలొస్తాయి కదా, వాటి గురించి ఒక్క ముక్క రాయరేం అని ఆవిడ బాధ.

ఆ బాధలో అర్థముంది. ఆవిడ పుట్టింది భీమవరం పక్క పల్లెలో. అక్కడ ఎటు చూసినా అరచేయిలా చదునైన వరిచేలే. పెళ్ళయి హైదరాబాదొచ్చేదాకా ఆవిడ కొండన్నది ఎరగదు. కాపురానికొచ్చిన కొత్తలో భర్త రామారావు గారు స్కూటరు మీద విజయవాడ రోడ్డున తీసుకెళ్ళి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక గుట్ట ఎక్కించారు. పైన ఓ ఉసిరిచెట్టు. దాని కింద కూర్చుని ఇద్దరూ పులిహోర తిన్నారు. కార్తీకమాసం కదా, వనభోజనం అయిపోయిందన్నారాయన. అప్పట్నుంచీ ఏటా అదే గుట్ట, అదే చెట్టు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో తను ఉద్యోగం చేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా, ఆఖరికి ఆయన పోయిన ఏడాది కూడా ఆవిడ మానలేదు. మోకాళ్ళ నొప్పులంటే డాక్టరు మెట్లెక్కద్దన్నాడు. “మెట్లే కదా వద్దన్నాడు, గుట్టలు కాదుగా” అని ఎక్కేసింది. మొండితనంలో ఆవిడకి సాటి ఆవిడే.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ముగిసింది గానీ ఊళ్ళో వేడి చల్లారని కార్తీకం అది. ఏ రోజు ఏ రోడ్డు ఆగుతుందో తెలీదు. కాలనీలో కోస్తావాళ్ళంతా నోళ్ళు కుట్టుకుని తిరుగుతున్నారు. బస్సులో ‘ఏవండీ’ అనాలన్నా అటూ ఇటూ చూసుకునేవాళ్ళు. కాలనీ సంఘం కార్యదర్శి భానుమూర్తి గారు ఈసారి వనభోజనాలు డాబా మీదేనని తేల్చేశారు. పూలకుండీలో ఉసిరికొమ్మ గుచ్చి, దాని పక్కన కూర్చుని తినేస్తే సరిపోతుందట.

“కుండీలో కొమ్మ గుచ్చితే వనం అవుతుందా భానుమూర్తి గారూ?” అంది అమ్మాజీ.

“పరిస్థితులు బాగాలేవండీ. మన మాట వింటేనే మనమెవరో తెలిసిపోతుంది.”

“తెలియనివ్వండి. నేనేం దొంగతనంగా వచ్చానా ఈ ఊరికి?”

ఆదివారం పొద్దున్నే గిన్నెడు పులిహోర కలిపి, మూత మీద గుడ్డ కట్టి, ఆటో పిలిచింది. గేటు దగ్గర భానుమూర్తి గారి భార్య కుసుమకుమారి నిలబడి ఉంది. “నేనూ వస్తాను పిన్నిగారూ. ఆ డాబా మీద ఎండలో కూర్చోలేను” అంటూ మొగుడు చూసేలోగా ఎక్కి కూర్చుంది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఆటో ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి. జనం బారులుగా కూర్చుని విస్తళ్ళలో తింటున్నారు. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, బండి కదలనివ్వకుండా చేసే ఉద్యమం.

అక్కడే వచ్చింది చిక్కు. ఆటోలో ఇద్దరాడవాళ్ళు, ఒళ్ళో గిన్నె, గిన్నెలో అన్నం! ఆ రోజు ఆ చౌరస్తాకి అన్నం తెచ్చేవాళ్ళు ఎందుకొస్తారో అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇద్దరు యువకులు పరిగెత్తుకొచ్చి గిన్నె అందుకున్నారు. “అమ్మలు గూడ బువ్వ తెచ్చిన్రే!” అని కేకేశారు. అమ్మాజీ “అయ్యో బాబూ, అది...” అనేలోపు పులిహోర బంతిలోకి వెళ్ళిపోయింది. “ఏ ఊరమ్మా?” అని ఎవరో అడిగితే కుసుమకుమారి భయంలో నిజం చెప్పేసింది. “భీమవరం వైపండీ.”

ఇక చూడండి సంబరం. “ఆంధ్ర అక్కలు గూడ మద్దతు ఇయ్యనీకి ఒచ్చిన్రు! జై తెలంగాణ!” డప్పులు రెట్టింపయ్యాయి. అక్కడి నాయకుడు భిక్షపతి స్వయంగా వచ్చి దండం పెట్టాడు. ఎక్కణ్ణుంచో టీవీ అమ్మాయి మైకు పట్టుకుని ఊడిపడింది.

“అమ్మా, ఉద్యమానికి మద్దతుగా మీరు వండుకొచ్చారు. ఎలా అనిపిస్తోంది?”

కుసుమకుమారి మోచేత్తో పొడిచింది. “ఊరుకోండి పిన్నిగారూ. అలాగే అనుకోనివ్వండి. క్షేమంగా ఇంటికెళ్దాం.”

ఒక్క ‘ఊఁ’ అంటే చాలు. దండలు వేసి, దారిచ్చి, గుట్టదాకా దింపినా దింపుతారు. కానీ అమ్మాజీకి ఒళ్ళు మండింది. కాలనీలో చూస్తే నోరు మూసుకుని ఉండమంటారు. ఇక్కడ చూస్తే లేని మాటకి నోరు తెరవమంటున్నారు. ఇన్నేళ్ళు బతికిన ఊళ్ళో తిరగడానికి అబద్ధమాడి దారి తెచ్చుకోవాలా?

“నేను మద్దతుకి రాలేదమ్మా” అంది మైకులో. “అడ్డుకోవడానికీ రాలేదు. వనభోజనానికి గుట్టకి వెళ్తున్నాను. ఆ పులిహోర మా కోసం కలుపుకున్నది.”

డప్పులు ఆగిపోయాయి. పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాడు అలాగే ఆగాడు. వెనకనుంచి ఒక గొంతు లేచింది. “ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలె!”

అమ్మాజీ అటు తిరిగింది.

“ఎక్కడికి పొమ్మంటావు నాయనా? మా ఆయన చితి కాలింది ఈ ఊళ్ళోనే. నాకింకో ఊరు లేదు. మీకు రాష్ట్రం కావాలి, తెచ్చుకోండి. మీ కొలువులు మీకు రాకపోతే రోడ్డు మీద కూర్చోక ఏం చేస్తారు? కానీ మద్దతని పలికితేనే నన్ను ఉండనిస్తామంటే మాత్రం, పలకను. పలక్కుండానే ఉంటాను.”

గుండిగ దగ్గర గరిటె తిప్పుతున్న సాయమ్మ అనే పెద్దావిడ లేచి నిలబడింది. “ఏందిరా గరమైతున్రు? అక్క అబద్ధం జెప్తే నెత్తిన పెట్టుకుంటుంటిరి. నిజం జెప్తే ఎల్లగొడ్తరా? వాళ్ళ బువ్వ మొత్తం తింటిరి, సిగ్గు లేదు?” అని అందరినీ కలిపి కడిగేసి, అమ్మాజీ చెయ్యి పట్టుకుని లాగింది. “కూసో అక్కా. మీది మేం తిన్నం, మాది మీరు తినాలె.”

జాతీయ రహదారి నడిబొడ్డున అమ్మాజీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన బిక్కుబిక్కుమంటూ కుసుమకుమారి. వేడన్నం, పచ్చిపులుసు వడ్డించారు.

“ఇందులో కాస్త బెల్లం వెయ్యాలండీ” అంది అమ్మాజీ, ఊరుకోలేక.

“మీ పులిహోరల ఉప్పు తక్కువైంది. మేం ఏమన్న అన్నమా?” అంది సాయమ్మ.

టీవీ అమ్మాయి మైకు చుట్టేసుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. అమ్మాజీ మాటలు ఆ పిల్ల వార్తకి పనికిరావు మరి.

చెయ్యి కడుక్కుని లేచేసరికి భిక్షపతి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇందాకటి దండం లేదు, అలాగని కోపమూ లేదు.

“గా గుట్ట మీద ఏముందమ్మా, గింత లొల్లిల పోవుడు?”

“ఉసిరిచెట్టు.”

“గంతేనా?”

“అంతే.”

అతను కాసేపు తల గోక్కున్నాడు. “ఆటో ఈడ్నే ఆగుతది. అవతలి దిక్కు ఇంకోటి దొరుకుతది. ఒక్క మాట అడుగుత. రేపు మా రాష్ట్రం ఒచ్చినంక గూడ గిట్లనే పోతవా గుట్టకు?”

“పోతాను.”

“మేమొద్దంటే?”

“వద్దన్నా పోతాను. మీరు వద్దనకపోతే మీతో కలిసే పోతాను.”

అమ్మాజీ కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కుసుమకుమారి చెయ్యి పట్టుకుని, పక్క సందులోంచి కాదు, జనం నడుమనుంచే నడిచింది. జరిగినవాళ్ళు జరిగారు. జరగనివాళ్ళని ఆవిడే జరగమంది.