వాల్వ్ ఉన్న మాస్కు

మాస్కుల గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదని అనుకునేదాన్ని. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, తయారైన సరుకును పరీక్షించే ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. శాంపిల్ తీసుకోవడానికి పౌడర్ సెక్షన్‌లోకి వెళ్లాలంటే మాస్కు లేనిదే గడప దాటనివ్వరు. కరోనా రాకముందే ముక్కు మీద మాస్కు గీత పడ్డ మొహం నాది. దేశమంతా మాస్కు కట్టుకోవడం నేర్చుకుంటున్న రోజుల్లో నాకు గర్వంగా ఉండేదంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, కానీ ఉండేది. కాలనీలో, చర్చిలో, ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేదాన్ని.

కంపెనీ బస్సులో రోజూ ఇదే పంచాయితీ. సీటు విడిచి సీటు కూర్చోబెట్టేవారు కాబట్టి మాటలు అరుచుకోవాల్సి వచ్చేది. పటాన్‌చెరులో బస్సెక్కితే ఇస్నాపూర్ చౌరస్తా వచ్చేలోపు రెండు పక్షాలు తయారు. రియాక్టర్ల దగ్గర పనిచేసే ఒక పెద్దాయన గుడ్డ మాస్కులన్నీ దండగ అనేవాడు. మాస్కు వేసుకున్నాక కూడా సాల్వెంట్ వాసన తగిలితే ఆ మాస్కు పని చెయ్యట్లేదని ఫ్యాక్టరీలో మాకు మొదటి రోజే నేర్పుతారు. గుడ్డ మాస్కులోంచి పటాన్‌చెరు కంపంతా తెలుస్తోంది, ఇక క్రిమి రాదా అని ఆయన వాదన. దోమతెరలోంచి గాలి వస్తుంది, దోమ రాదు కదా అని నేను. క్రిమి ఒంటరిగా రాదు, ఉమ్మి తుంపరలెక్కి వస్తుంది, గుడ్డ ఆ తుంపరల్ని ఆపుతుందని చెప్పేదాన్ని. సగం మంది నా వైపు, సగం మంది ఆయన వైపు. దిగేటప్పుడు అందరం మాస్కులు గదుమ కిందికి లాగి నవ్వుకునేవాళ్లం.

బస్సులో వాళ్లతో గెలిచినా ఓడినా నాకేమీ కాలేదు. మా అన్నతో మాత్రం ఓడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆయన సంగారెడ్డిలో సర్కారు బడి పంతులు. అప్పటికి ఇరవై ఏళ్లుగా మా చర్చిలో పాట ఎత్తేది ఆయనే. ఆయన పల్లవి ఎత్తితే వెనక బెంచీల్లో గుసగుసలాడే ఆడవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. రెండో వేవ్‌లో రోజు విడిచి రోజు ఎవరో ఒకరు పోతుంటే, సమాధుల తోటకి బంధువుల్లోనే చాలామంది రావడం మానేశారు. మా అన్న వెళ్లేవాడు. దూరంగా నిలబడి, మాస్కు లేకుండా, నాలుగు చరణాలూ పాడి వచ్చేవాడు.

వదిన భయపడి నాకు ఫోన్ చేసింది. మీ అన్న నా మాట వినడు, మందుల కంపెనీలో పనిచేసేదానివి, నువ్వు చెప్తే వింటాడేమో అంది. నాకు అంతకంటే ఏం కావాలి. ఆ ఆదివారం స్కూటీ మీద సంగారెడ్డికి బయల్దేరాను. లాక్‌డౌన్‌లో పోలీసులు ఆపితే కంపెనీ కార్డు చూపించాను. ముక్కుకు ఫ్యాక్టరీ మాస్కు, పౌడర్ సెక్షన్‌లో ఇచ్చేది. గట్టిగా, ముఖానికి అతుక్కుని ఉంటుంది. ముందు రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ వాల్వ్. అలాంటివి ఇంకో అరడజను సంచిలో పెట్టుకున్నాను, అన్నకివ్వడానికి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ పొద్దున నాకు గొంతు గరగరగా ఉంది. ఒళ్లు కాస్త బరువుగా ఉంది. మా వైపు గొంతు గరగర లేనిదెవరికి? గాలి అటు తిరిగితే ఒక ఫ్యాక్టరీ వాసన, ఇటు తిరిగితే ఇంకో ఫ్యాక్టరీది. ఉప్పునీళ్లు పుక్కిలించి, అదే పోతుందిలే అనుకున్నాను. అయినా నా దగ్గర అన్నిటికంటే మంచి మాస్కు ఉంది కదా.

అన్న వాళ్లింట్లో ఎండ లోపలికి రాకుండా తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. ఫ్యాను కింద ఎదురెదురుగా కూర్చున్నాం. వదిన చాయ్ తెస్తే మాస్కు తియ్యనని వద్దన్నాను, అది కూడా గొప్పగానే. ఆ తర్వాత రెండు గంటలు కొట్లాడుకున్నాం. సమాధుల తోటలో బయటి గాలి, మనుషులు దూరందూరంగా ఉంటారు, అక్కడ మాస్కెందుకు అన్నాడు. అందులో సగం నిజముందని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడైతే ఒక్క ముక్క ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో వచ్చిన చెత్తంతా ఏకరువు పెట్టాడు, ఒక్కోదాన్నీ చీల్చి చెండాడాను. నేను గొంతు పెంచినప్పుడల్లా ఆ వాల్వ్ టపటప కొట్టుకుంటుంటే, నీ ముక్కు మీద బుడ్డకప్ప కూర్చుందని వెక్కిరించాడు. గుడ్డ కట్టుకుని పాడితే దేవుడికి వినపడదా అని అడిగాను.

"దేవునికి ఇనవడ్తది," అన్నాడు. "ఆడ ఏడ్చేటోళ్లకు ఇనవడది. ఒక్కలు గూడ దగ్గరికి పోకపాయె, పాటన్న ఇనవడాలె గద."

జవాబు లేనప్పుడు నాకు నోరు ఎక్కువవుతుంది. రేపు నీ సమాధి కాడ ఎవరు పాడుతారని అనేశాను. వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తెచ్చిన మాస్కులు టీవీ పక్కన పడేసి నేనూ వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ల్యాబ్‌లో గాజు సామాను కడగడానికి ఎసిటోన్ సీసా మూత తీశాను. ఆ వాసన ముక్కు పుటాలు మండేలా ఉంటుంది. నాకు మంచినీళ్ల సీసా తీసినట్టే ఉంది. ఇంకో సీసా తీశాను, దానికీ వాసన లేదు. వాసన తగలకపోతే మాస్కు బ్రహ్మాండంగా పని చేస్తున్నట్టని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. తర్వాత మాస్కు కిందికి లాగి చూశాను. అప్పుడూ ఏ వాసనా లేదు. సాయంత్రానికి పాజిటివ్ అని తేలింది.

అన్నకు ఫోన్ చేశాను. నాకొచ్చింది గానీ నువ్వేం భయపడకు, నేను మాస్కు తియ్యనే లేదు కదా అన్నాను. ఆయన్ని వేరే గదిలో పడుకోమననా అని వదిన అడిగితే, అవసరం లేదని నేనే ధైర్యం చెప్పాను. ఆ మాట ఎంత నిబ్బరంగా చెప్పానో తల్చుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మూడో రోజుకి ఆయనకు జ్వరం. వారం తిరిగేసరికి ఆసుపత్రిలో ఆక్సిజన్. వదినకు రెండు రోజులు ఒళ్లు కాలి తగ్గిపోయింది. నాకైతే ముక్కు దిబ్బడ కూడా సరిగా రాలేదు. పటాన్‌చెరులో ఒక గదిలో తలుపేసుకుని కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే అంతకంటే భయం. సమాధుల తోటలోనే తగిలి ఉంటుందని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. వదిన కూడా అదే అంది. నేను కాదనలేదు.

అన్న బతికి వచ్చాడు. ఊపిరి మాత్రం పూర్తిగా రాలేదు. బడిలో పాఠం చెప్పడానికి సరిపోతుంది, చరణం లాగడానికి సరిపోదు. చర్చిలో ఇప్పుడు వేరే వాళ్లు పాట ఎత్తుతున్నారు. ఆయన మూడో బెంచీలో కూర్చుని పెదాలు కదుపుతాడు.

మా చర్చిలో ఆపద తప్పిన వాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారమే అన్న లేచాడు. "నా చెల్లె ఇంటికొచ్చి నెత్తి నోరు కొట్టుకొని చెప్పింది," అన్నాడు. "నేను ఇనలే. మాస్కు పెట్టుకుంటే నాకీ గతి రాకపోవు." పాస్టర్ గారు నన్ను నిలబడమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నిలబడ్డాను, వినయం అనుకున్నారు. లోపల మాత్రం, చివరికి ఆ మొండి మనిషి చేత ఒప్పించానన్న సంబరం ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ఆ తర్వాత ఏటా, ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలో, ఆయన అదే సాక్ష్యం చెబుతూ వచ్చాడు.

మరుసటి ఏడు ఫ్యాక్టరీకి ఆడిట్ వస్తుందంటే పాత ఫైళ్లు సర్దే పని నాకు పడింది. మా పనిలో ఏ కొత్త కాగితం వచ్చినా అందరూ చదివి, "చదివాను, అర్థమైంది" అన్న గడిలో సంతకం పెట్టాలి. రాయనిది జరగనట్టే అంటారు మా దగ్గర. అసలు జరిగేదేమిటంటే, షిఫ్టు మారే వేళ ఫైలు వస్తుంది, దాని మీదే పెన్ను ఉంటుంది, చాయ్ చల్లారేలోపు పది సంతకాలు పడతాయి. చదవకుండా సంతకం పెట్టిన కొత్తవాళ్లను నేను తిట్టిన తిట్లు ల్యాబ్ గోడలకు గుర్తుంటాయి. చెప్పేవి శ్రీరంగ నీతులు.

మొదటి వేవ్ నాటి ఫైలులో సేఫ్టీ వాళ్ల కాగితం ఒకటి కనిపించింది. వాల్వ్ ఉన్న మాస్కు పౌడర్ సెక్షన్‌లో తప్ప ఎక్కడా వాడొద్దని ఉంది. అది పీల్చే గాలిని వడగడుతుంది, వదిలే గాలిని వాల్వ్ గుండా నేరుగా బయటికి పంపిస్తుంది, పెట్టుకున్న మనిషికి జబ్బుంటే ఎదుటివాళ్లకు రక్షణ ఉండదు. మూడే వాక్యాలు. కింద సంతకాల్లో మొదటిది నాది, అన్నింటికంటే పెద్దక్షరాలతో.

నిలబడే ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. ఇన్నేళ్లుగా మాకు మాస్కు అంటే బయటి విషం మనలోకి రాకుండా చూసేది. మనలోది బయటికి పోకుండా చూడాల్సిన రోజు వస్తుందని ఫ్యాక్టరీలో పెరిగిన బుర్రకు తట్టలేదు. టపటప కొట్టుకున్న ఆ వాల్వ్ రెండు గంటలు ఏం ఊదిందో, ఎవరి మొహం మీద ఊదిందో అర్థమైంది. ఆ రోజు ఇస్నాపూర్ దాకా నడుచుకుంటూ వచ్చేశాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి ఆదివారాలు నాకు శిక్ష. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పాస్టర్ గారు పాపం అన్న మాట పలికితే చాలు, పల్లూ సర్దుకునేదాన్ని. ఇంట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. రోజులు లెక్కపెట్టేదాన్ని: నేను వెళ్లింది ఆదివారం, జ్వరం వచ్చింది శుక్రవారం, సమాధుల తోటకు వెళ్లింది అంతకు ముందు బుధవారం. ఏ వైపు నుంచి లెక్కపెట్టినా తేలేది కాదు. ఎవరి వల్ల వచ్చిందో ఏ ల్యాబూ చెప్పజాలదని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. చెప్పేద్దామని అన్న ఇంటికి వెళ్లి, వదిన చేతి తలకాయ కూర తిని, చెప్పకుండా వచ్చిన ఆదివారాలు ఎన్నో. మూడేళ్లు గడిచాయి.

మొన్న ఆయన మళ్లీ సాక్ష్యం చెప్పాడు. మధ్యలో ఊపిరందక ఆగి, ముందు బెంచీ పట్టుకుని, మళ్లీ "నా చెల్లె" అని మొదలుపెట్టాడు. ఇక నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాను. వదిన పక్కింట్లో ఉంది. ఆయన పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను, వాల్వ్ గురించి, కాగితం గురించి, సంతకం గురించి. ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టి విన్నాడు. ఎక్కడ తగిలిందో ఎవరికెరుక, వదిలెయ్యమన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ అసలు ముక్క ఇంకా నా గొంతులోనే ఉంది.

"గా దినం నాకు పొద్దుగాలటి సందే గొంతు బాగ లేకుండె అన్నా," అన్నాను. "నీకు చెప్పలే."

"ఎరుకే," అన్నాడు.

ఏం ఎరుకని అడిగాను.

"తలుపు కాడ నిలవడి అన్నా అని పిల్సినవు సూడు, అప్పుడే ఎరుకైంది. ఇరవై ఏండ్ల సంది గొంతులు ఇంటున్న. నీ గొంతు బొంగురున్నది."

కోపం వచ్చింది నాకు. అపరాధం నాదైనా కోపం ఆయన మీదే వచ్చింది. "మరి లోపలికెందుకు రానిచ్చినవు? ఇంటికి పొమ్మంటే పోకపోదునా?"

అన్న నా మొహంలోకి చూశాడు. మళ్లీ పెన్ను మూత తీశాడు.

"మాస్కు పెట్టుకున్నవు గదనే," అన్నాడు. "నువ్వు పెట్టుకున్నదైతే మంచిదే ఉంటదనుకున్న."